దేశం సంగతి తర్వాత, ముందు నెల చూసుకోండి

మీ ప్రశ్నలోని వివరాలు ముందుగా ఒకచోట పెట్టుకుంటాను. దంపతులిద్దరికీ పెరుంగుడిలో ఉద్యోగం, సొంత ఊరు నెల్లూరు, పాపకు తొమ్మిదేళ్లు. బడి సెలవులను బట్టి మే నెలలోనే వెళ్లాలి, చేతిలో ఉన్నవి పన్నెండు రోజులు. ఊళ్లు, మ్యూజియాలు, బజార్లు వద్దు. అడవి, జంతువులు, పక్షులు కావాలి. కెన్యా, ఐస్‌లాండ్, న్యూజిలాండ్, కోస్టారికా, బోర్నియో అని ఐదు పేర్లు రాసి, వీటిలో ఏది మంచిదో చెప్పమన్నారు.

ఐదూ మంచివే. కానీ కార్తీక మాసంలో పండ్ల అంగడికి వెళ్లి ఏ పండు మంచిదని అడిగితే, బంగినపల్లి అని చెప్పి ఏం లాభం? ప్రకృతి కోసం చేసే ప్రయాణాలకూ ఇదే లెక్క. కోట ఎప్పుడు వెళ్లినా అక్కడే ఉంటుంది. జంతువు ఉండదు, పువ్వు ఉండదు, కొన్నిచోట్ల నీళ్లు కూడా ఉండవు. దేశాన్ని ఖాయం చేసుకున్నాక సెలవు వెతుక్కునేవాళ్లే ఎక్కువ. మీకు సెలవు ముందే ఖాయమైంది కాబట్టి పని సగం తేలికైనట్టే.

నేను చెన్నై రేవులో సరుకు రవాణా చేసే ఒక కార్యాలయంలో ముప్ఫై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ఉండేది బీసెంట్ నగర్‌లో. సెలవులన్నీ అడవుల్లోనే ఖర్చుపెట్టాను. చూసిన దేశాలు తొమ్మిదే గాని, చేసిన పొరపాట్లు అంతకు రెట్టింపు. వాటిలో మొదటిది చెబితే మిగతాది మీకే అర్థమవుతుంది.

నా మొదటి ఆఫ్రికా ప్రయాణం ఏప్రిల్ చివర్లో. సగం ధరకే కెన్యాలోని మసాయి మారా అభయారణ్యం చూపిస్తానని ఒక ఏజెంటు అన్నాడు. సగం ధర ఎందుకో నేను అడగలేదు, అతను చెప్పలేదు. కెన్యాలో మార్చి నుంచి మే వరకు పెద్ద వానల కాలం. పైగా టీవీలో మనం చూసే ఆ వైల్డెబీస్ట్ అనే జింక జాతి జంతువుల మందలు, పది లక్షలకు పైబడిన ఆ మహా గుంపు, ఆ నెలల్లో సరిహద్దుకు అవతల టాంజానియాలోని సెరెంగెటిలో ఉంటుంది. అది మారా నదిని దాటే రోజులు సుమారుగా జులై నుంచి అక్టోబరు వరకు. అంటే నేను వెళ్లింది పెళ్లివారు ఇంకా దిగని విడిదింటికి.

రెండో రోజు మధ్యాహ్నం మా వ్యాను ఇరుసు దాకా దిగబడిపోయింది. అక్కడి నేల అచ్చం మన గుంటూరు వైపు నల్లరేగడి. తడిస్తే జిగురు, ఆరితే రాయి. లాగడానికి ఇంకో బండి వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. డ్రైవరు చుట్టూ చూసి, వ్యాను మెట్టు మీద కూర్చోవచ్చు, అడుగు మాత్రం కింద పెట్టవద్దని చెప్పాడు. టైరుకు రెండు బారల దూరంలో ఏనుగు లద్దె ఉంది. దాని మీద పేడపురుగులు. ఒకటి తన ముందుకాళ్లతో, పలకలాంటి తలతో లద్దెను కోసి, నొక్కి, గోళీ చేసి, గోళీని నిమ్మకాయంత చేసింది. తర్వాత తలకిందులుగా నిలబడి, వెనక కాళ్లతో దాన్ని నెట్టుకుంటూ బయలుదేరింది. వెళ్లే దిక్కు దానికి కనబడదు. జత పురుగు ఆ ఉండనే పట్టుకొని దానితోపాటు దొర్లుతోంది. చక్రం చేసిన గాడిలో ఉండ నాలుగుసార్లు పడింది, నాలుగుసార్లూ అది దిగి మళ్లీ ఎక్కించింది. ఐదోసారి గాడి అంచు చుట్టి వెళ్లింది. ఆ ప్రయాణం మొత్తంలో నేను కళ్లకు కట్టినట్టు చెప్పగలిగింది ఇప్పటికీ అదొక్కటే. రెండు సింహాలను కూడా చూశాను, అవి పడుకొని ఉన్నాయి.

ఏజెంటు మీద కోపం చాలాకాలం ఉంది. ఒకచోట కదలకుండా మూడు గంటలు కూర్చోవాలని మాత్రం ఆ బురదే నేర్పింది. ఆ తర్వాత ఏ దేశం వెళ్లినా ఒక్క నది, ఒక్క లోయ, ఒక్క దీవి చాలనుకున్నాను.

ఇప్పుడు మీ ఐదు పేర్లను మే నెల ముందు నిలబెడదాం.

కెన్యా సంగతి చెప్పేశాను. వానల్లో గదులు చవకే, పచ్చదనమూ బాగుంటుంది, కానీ తొమ్మిదేళ్ల పాప మందల కోసం ఎదురుచూస్తుంది. ఎప్పటికైనా వెళ్తే నదిని దాటే దృశ్యం కన్నా ఫిబ్రవరి చూడమంటాను. సెరెంగెటి దక్షిణాన ఎన్డుటు మైదానాల్లో ఆ నెలలో రెండు మూడు వారాల వ్యవధిలో లక్షల దూడలు పుడతాయి. పుట్టిన కొద్ది నిమిషాలకే లేచి నిలబడి పరుగెత్తుతాయి. నది ఒడ్డున వందల జీపుల రద్దీ అక్కడ ఉండదు. ఏదైనా కారణంతో కెన్యా, టాంజానియాలే ఖాయమైతే పసుపు జ్వరం (యెల్లో ఫీవర్) టీకా మరచిపోవద్దు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. ఆ ధ్రువపత్రం లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు.

న్యూజిలాండ్‌కు మే అంటే శరదృతువు చివర, చలికాలం గుమ్మం. పగళ్లు కురచ. పేరున్న కాలిబాటల సీజను ఏప్రిల్ చివరితో ముగుస్తుంది. నేను డిసెంబరు, జనవరి అంటాను, మీకు కుదరదు కాబట్టి వదిలేద్దాం. ఒక్క మాట మాత్రం, తెలుగువాళ్లం కాబట్టి చెప్పాలి. ఆ దేశంలో దిగేటప్పుడు తినుబండారం ఏదైనా కాగితంలో రాసి చూపించాలి. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. మా బంధువు ఒకాయన ఆవకాయ సీసాను చీరల మడతలో దాచాడు. ఆ ఆవకాయకు పడిన ధరతో ఇక్కడ మామిడితోటే కౌలుకు తీసుకోవచ్చని ఇప్పటికీ ఇంట్లో నవ్వుకుంటారు. బూట్ల అడుగున మట్టి ఉన్నా ఆపుతారు. ఆ కట్టుబాటు నాకు నచ్చింది. ఎగరలేని పక్షులున్న దీవిలోకి బయటి ప్రాణి, బయటి తెగులు వస్తే ఏమవుతుందో వాళ్లు అనుభవించి నేర్చుకున్నారు.

కోస్టారికా మన ఆంధ్రప్రదేశ్‌లో మూడో వంతు కూడా లేదు, భూమి మీది జీవజాతుల్లో దాదాపు ఐదు శాతం అక్కడున్నాయంటారు. కానీ మే నెలలో వానలు మొదలవుతాయి, చెన్నై నుంచి నేరుగా విమానం లేదు. దారిలో విమానం మారాలి. పన్నెండు రోజుల్లో రానూపోనూ దారికే నాలుగు రోజులు తీసేస్తే మిగిలేదేమిటి? అమ్మాయి ఇంకాస్త పెద్దదయ్యాక వెళ్లండి.

ఐస్‌లాండ్ గట్టి పోటీ. రాత్రి ఆకాశంలో కనబడే ఉత్తరపు వెలుగుల (అరోరా) కోసం అయితే మే పనికిరాదు. ఆ నెలలో రాత్రి సరిగా చీకటి పడదు, వెలుగులు చూడాలంటే సెప్టెంబరు నుంచి మార్చి మధ్య వెళ్లాలి. కానీ పఫిన్లనే సముద్రపు పక్షులు అప్పటికి సముద్రం నుంచి కొండ అంచులకు వచ్చేస్తాయి. ప్రపంచంలోని అట్లాంటిక్ పఫిన్లలో సగానికి పైగా అక్కడే గూళ్లు పెడతాయి. లోపలి కొండ ప్రాంతపు దారులు మాత్రం చాలావరకు జూన్ దాకా తెరవరు. పాపకు పక్షులంటే ప్రాణమై, మీకు ఖర్చు సమస్య కాకపోతే, మే చివరి వారం ఐస్‌లాండ్‌కు నా రెండో ఓటు.

మొదటి ఓటు బోర్నియోకు. ఆ దీవిలోనూ మలేషియా కిందికి వచ్చే సబా రాష్ట్రంలోని తూర్పు తీరం.

అక్కడ చలికాలపు భారీ వానలు మార్చికల్లా తగ్గుతాయి. మే వెళ్లదగిన నెల. పూర్తిగా పొడి అనుకోవద్దు, అది వర్షారణ్యం, సాయంత్రం జల్లు పడుతూనే ఉంటుంది. చెన్నై నుంచి కౌలాలంపూర్‌కు నాలుగు గంటలు, అక్కడి నుంచి సండకాన్‌కు సుమారు మూడు గంటలు. దేశం లోపలి విమానమే అయినా సబాలో దిగాక పాస్‌పోర్టు మళ్లీ చూస్తారు; ఆ రాష్ట్రానికి తన సొంత వలస నియంత్రణ ఉంది. కంగారు పడవద్దు. 2023 డిసెంబరు నుంచి భారతీయులకు 30 రోజుల వరకు వీసా అక్కరలేకుండా చేశారు. ఇలాంటివి మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు ఒకసారి చూసుకోండి.

అసలు చోటు కినాబటాంగన్ నది. పొడవు 560 కిలోమీటర్లు, మలేషియాలో రెండో పెద్ద నది. సండకాన్ నుంచి రోడ్డు మీద రెండు, రెండున్నర గంటల్లో సుకావు, బిలిట్ అనే పల్లెలు వస్తాయి. అక్కడివాళ్లను ఓరాంగ్ సుంగై అంటారు, నది మనుషులని అర్థం. ఒరాంగుటాన్ అనే తోకలేని పెద్ద కోతి పేరు కూడా మలయ్ మాటే, అడవి మనిషి అని అర్థం. కొందరు తమ ఇళ్లలోనే అతిథులకు గదులిస్తారు. అక్కడ నాలుగు రాత్రులు ఉండండి. రెండు చాలని ఏజెంట్లు అంటారు, వినవద్దు.

నాలుగు ఎందుకంటే, ఆ నది ఒక్కో పూటకు ఒక్కో మాట చెబుతుంది. పొడుగు ముక్కు కోతులు, ప్రొబోసిస్ కోతులంటారు, బోర్నియో తప్ప ఇంకెక్కడా లేవు. పగలు లోపలికి వెళ్లి ఆకులు మేసి, సాయంత్రం నిద్రకు ఒడ్డు చెట్ల మీదికే వస్తాయి. అందుకే పడవలు సాయంత్రం నాలుగింటికి బయలుదేరతాయి. మగదాని ముక్కు గుమ్మడి పిందెలా నోటి మీదికి వేలాడుతుంది, కుండలాంటి పొట్ట. పిల్ల పుట్టినప్పుడు ముఖం నీలంగా ఉంటుంది. నేను చూసినప్పుడు ఒక తల్లి ఒడిలోంచి ఆ నీలి ముఖం ఒక్కసారి బయటికి చూసి మళ్లీ దూరిపోయింది. పడవలో ఉన్న ఆరుగురిలో ఇద్దరమే చూడగలిగాం.

మూడో సాయంత్రం, ఐదున్నర ప్రాంతంలో, పడవ నడిపే అతను ఇంజను ఆపేసి తెడ్డుతో ఒక చిన్న పాయలోకి తీసుకెళ్లాడు. పైన కొమ్మ విరిగిన చప్పుడు. ఒక ఒరాంగుటాన్ రాత్రికి పడక వేసుకుంటోంది. రోజూ దాదాపు కొత్త గూడే. మధ్యలో కూర్చొని చుట్టూ ఉన్న కొమ్మలను ఒక్కొక్కటిగా తన వైపు వంచి కాలి కింద తొక్కి పట్టింది. తర్వాత చిన్న రెమ్మలు తుంచి పైన పరిచింది. పరిచి చేత్తో తట్టింది, మన ఇళ్లలో అమ్మమ్మలు బొంత పరచి తట్టినట్టు. పడుకుంది, నచ్చలేదు, లేచి ఇంకో రెండు రెమ్మలు తెచ్చి తల దగ్గర పెట్టుకుంది. మొత్తం పది నిమిషాల పని. మొదటి రెండు సాయంత్రాలూ అదే పాయలో మాకు కొంగలు తప్ప ఏమీ కనబడలేదు.

పండిన మర్రి జాతి చెట్టు ఎక్కడుందో పడవవాణ్ణి అడగండి. ఆ చెట్టు పండితే హార్న్‌బిల్ పక్షులు, కోతులు, ఒరాంగుటాన్లు అన్నీ దాని దగ్గరికే వస్తాయి. బోర్నియోలో ఉన్న ఎనిమిది రకాల హార్న్‌బిల్‌లూ ఈ నది వెంట ఉన్నాయి. పాప ఎన్ని లెక్కపెడుతుందో చూడండి.

ఇక్కడ ఒక చేదు సంగతి దాచకూడదు. అన్ని జంతువులు అంత సులభంగా కనబడటానికి కారణం అడవి దట్టంగా ఉండటం కాదు, సన్నగా ఉండటం. రోడ్డు మీద వెళ్తుంటే రెండు గంటలూ రెండు వైపులా ఆయిల్ పామ్ తోటలే. అడవి నది ఒడ్డున పట్టీలా మిగిలింది. 2005లో సుమారు 26,000 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు, అదీ విడివిడి ముక్కలుగా. జంతువులు ఆ పట్టీలోకి నెట్టుకొచ్చాయి కాబట్టి పడవలోంచి మనకు కనిపిస్తున్నాయి. పామాయిల్‌ను ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా దిగుమతి చేసుకునేది మన దేశమే. ఇక్కడ రేషన్ కార్డు మీద ఇచ్చేదీ అదే, మన గోదావరి జిల్లాల్లో పండిస్తున్నదీ అదే. నేను తినడం మానేశానని గొప్ప చెప్పుకోను. మిఠాయి దుకాణం బూంది ఏ నూనెలో వేగిందో ఎవరికి తెలుసు? కానీ పాప ఆ తోటలు ఏమిటని అడుగుతుంది. జవాబు సిద్ధం చేసుకొని వెళ్లండి.

నదికి ముందు సండకాన్ దగ్గర సెపిలోక్‌లో రెండు రాత్రులు పెట్టుకోండి. తల్లిని పోగొట్టుకున్న ఒరాంగుటాన్ పిల్లలను పెంచి అడవికి అలవాటు చేసే కేంద్రం అది, 1964 నుంచి నడుస్తోంది. తల్లి ఒక కాన్పుకూ మరో కాన్పుకూ మధ్య ఏడెనిమిదేళ్లు పిల్లను వెంట తిప్పుకొని నేర్పుతుంది. అదంతా ఇక్కడ మనుషులు నేర్పాలి. పొద్దున, మధ్యాహ్నం తిండి పెట్టే వేళల్లో జనం ఎక్కువ. దూరంగా నిలబడి, అవి పట్టుకొని వచ్చే తాళ్ల వైపు చూస్తే బాగుంటుంది. పక్కనే సూర్య ఎలుగుబంట్ల కేంద్రం, నడిచి వెళ్లవచ్చు.

ఒక రాత్రి సెలింగాన్ దీవికి. సండకాన్ నుంచి వేగంగా వెళ్లే పడవలో గంట ప్రయాణం. పచ్చ సముద్రపు తాబేళ్లు అక్కడ ఏడాది పొడుగునా దాదాపు ప్రతి రాత్రీ గుడ్లు పెట్టడానికి వస్తాయి. చీకటి పడ్డాక పిలిచేదాకా ఒడ్డుకు వెళ్లకూడదు, గదిలో కూర్చొని ఎదురుచూడాలి. పిలుపు తొమ్మిదికి రావచ్చు, అర్ధరాత్రి దాటాక రావచ్చు. గుడ్లను తీసి కంచె వేసిన చోట పాతుతారు, పొదిగి బయటికొచ్చిన పిల్లలను సముద్రంలోకి వదులుతారు. అది చూసి ఆశ్చర్యపోయే ముందు మన ఊరి సంగతి చెప్పాలి, అది చివర్లో.

కినాబాలు పర్వతం కూడా కలపవచ్చా అని మీరు అడగకముందే చెబుతున్నాను, వద్దు. 4,095 మీటర్ల ఆ కొండ అందమైనదే, కానీ తూర్పు తీరం నుంచి రోడ్డు మీద ఒక రోజు పోతుంది. రువాండా గొరిల్లాలను కూడా ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. అనుమతి రుసుమే తలకు 1,500 అమెరికన్ డాలర్లు, పదిహేనేళ్లు నిండనివారిని రానివ్వరు. ఆ పేరు పాప ముందు ఎత్తకండి.

బుక్ చేసేటప్పుడు గది ఎంత పెద్దదని అడగడం మానేసి, పడవలో ఎంతమంది, జంతువు కనబడితే ఇంజను ఆపుతారా, మేత చల్లి జంతువులను పిలుస్తారా అని అడగండి. మేత చల్లుతామన్నవాళ్లను వదిలేయండి. శాకాహారులైతే ఇంకో జాగ్రత్త: అక్కడ ఆకుకూర వేపుడులో కూడా రొయ్యల ముద్ద వేస్తారు, దాన్ని బెలచాన్ అంటారు. బెలచాన్ వద్దని ముందే చెప్పాలి. నేను మూడు పూటలు కమ్మగా తిన్నాకే తెలుసుకున్నాను. జలగలకు మోకాలి దాకా వచ్చే గుడ్డ మేజోళ్లు అక్కడే దొరుకుతాయి. సబాలో కోతుల నుంచి దోమల ద్వారా మనుషులకు సోకే ఒక రకం మలేరియా ఉంది. పొడుగు చేతుల చొక్కాలు, దోమల మందు తప్పనిసరి. పాప కోసం పిల్లల డాక్టరును ఒకసారి అడగండి.

బైనాక్యులర్లు మాత్రం ఇప్పుడే కొనండి, 8×42 రకం. ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు కాబట్టి సాయంత్రపు మసక వెలుగులోనూ పనిచేస్తుంది. ఇంకా ఎక్కువ రెట్లున్నది కొంటే పడవలో చెయ్యి వణికి ఏమీ కనబడదు. పాపకు చిన్నది విడిగా ఒకటి. పెద్దవాళ్ల చేతిలోంచి ఇప్పించుకొనేలోపు పక్షి ఎగిరిపోతుంది.

కొన్నాక అభ్యాసానికి విమానం ఎక్కనక్కరలేదు. మీ ఆఫీసు పక్కనే పళ్లికరణై చిత్తడి నేల ఉంది, 2022లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఒక వైపు చెత్తకుప్ప, ఇంకో వైపు ఐటీ భవనాలు, మధ్యలో ఎర్రకాళ్ల ఉల్లంకులు. ఆదివారం పొద్దున ఆరింటికి ఒక గంట ఒకేచోట నిలబడి చూడండి. సంక్రాంతికి నెల్లూరు వెళ్లేటప్పుడు సూళ్లూరుపేట దగ్గర ఆగి పులికాట్‌లో రాజహంసలను, నేలపట్టులో గూడబాతులను చూడండి. ఒక గంట నిలబడగలిగిందా లేదా అన్నదాన్ని బట్టి పాపకు నదిలో నాలుగు రోజులు ఎక్కువో తక్కువో మీకే తెలిసిపోతుంది. విసుక్కుంటే మూడు రాత్రులు చేయండి, తప్పులేదు.

ఇక మన ఊరి తాబేళ్లు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు నీలాంకరై, బీసెంట్ నగర్ ఇసుకలో గుడ్లు పెడతాయి, ఒక్కో గూటిలో నూరు పైచిలుకు. స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ అనే స్వచ్ఛంద బృందం 1980ల చివరి నుంచి రాత్రిళ్లు ఒడ్డు వెంట నడిచి ఆ గుడ్లను ఏరి కంచెలో పాతుతోంది. సుమారు 45 నుంచి 50 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. వీధి దీపాల వెలుగును సముద్రం మెరుపనుకొని అవి ఊరి వైపు పాకుతాయి కాబట్టి కంచె. 2025 జనవరిలో చచ్చిన పెద్ద తాబేళ్లు వందల సంఖ్యలో మన ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. వలల్లో చిక్కితే ఊపిరికి పైకి రాలేవు. నడిచేటప్పుడు అలాంటిది కనబడవచ్చు, పాపకు ముందే చెప్పి ఉంచండి.

వారాంతపు రాత్రుల్లో ఆ బృందం ప్రజలను కూడా వెంట తీసుకెళ్తుంది. అర్ధరాత్రి నడక, కొన్ని కిలోమీటర్ల ఇసుక, ఒక్క తాబేలూ రాకపోవచ్చు. మధ్యాహ్నం పాపను ఒక నిద్ర తీయనివ్వండి. నీళ్ల సీసా తెచ్చుకోండి, టార్చి మాత్రం ఇంట్లో వదిలి రండి.